మా వదిన కొలతల చీటీలు

మా వదిన కారులో వెనక సీటు బంతిది. నా నడుమెత్తు ఉండే నీలం రంగు రబ్బరు బంతి. దానికి సీటు బెల్టు కూడా పెడుతుంది. ఒకసారి నేను వెనక ఎక్కబోతే, "ముందు కూర్చో, అక్కడ చోటు లేదు" అంది. సొంత ఆడపడుచు కంటే బంతి ఎక్కువైపోయిందా అని నేను మూతి ముడుచుకున్నాను. "బ్రేకేస్తే నువ్వు ఏదో ఒకటి పట్టుకుంటావు. దానికి చేతుల్లేవుగా" అని నవ్వి బండి తీసింది.

ఆ బంతి మీద పడుకుని, కూర్చుని, దొర్లి, ఏడ్చి, నవ్వి పెద్దవాళ్ళయిన పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మా వదినకే తెలియదు. ఆవిడ పిల్లల ఫిజియోథెరపిస్టు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆస్పత్రిలో ఒక గది, గది బయట బోర్డు, బోర్డు కింద బెంచీ, అలాంటి ఉద్యోగం కాదు. ఆవిడ టీమే పిల్లల ఇళ్ళకు వెళుతుంది, బళ్ళకు వెళుతుంది. పిల్ల ఏ మంచం మీద పడుకుంటోందో, ఏ గడప దాటలేకపోతోందో అక్కడే కూర్చుని చూడాలంటుంది. ఇప్పుడు సీనియర్ అయింది, కింద నలుగురు జూనియర్లు ఉన్నారు. "సీనియర్ అంటే ఏంటొదినా?" అని అడిగితే, "పిల్లల దగ్గర కూర్చునే టైం తగ్గి, కాగితాల దగ్గర కూర్చునే టైం పెరగడం" అంది. అయినా వారానికి మూడు రోజులు కాగితాలను ఎగ్గొట్టి బంతిని వేసుకుని తిరుగుతూనే ఉంటుంది.

నేను ఆవిడ ఇంట్లోనే ఉంటాను. ఏడేళ్ళ కిందట నా కాపురం చెడింది. ఎవరి వల్ల చెడిందన్నది చెప్పడం మొదలుపెడితే నా నోరు ఆగదు, ఈ కథ ఆగిపోతుంది. కాబట్టి వదిలేస్తున్నాను. రెండు సూట్‌కేసులు, ఒక కుట్టు మెషిన్ పట్టుకుని అన్నయ్య ఇంటి ముందు ఆటో దిగాను. అన్నయ్య మంచివాడే కానీ, అలాంటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. సూట్‌కేసు ఎత్తుతాడు, దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. వదిన బయటికి వచ్చి మెషిన్‌కి ఓ పక్క చెయ్యేసింది. లోపలికి తెచ్చి దించాక నన్ను కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది.

"నీకేం కావాలి?"

ఏం జరిగింది అనలేదు. ఇప్పుడేం చేస్తావు అనలేదు. అమ్మ, నాన్న, పెద్దవాళ్ళు, పక్కింటివాళ్ళు, అందరూ నాకు ఏం కావాలో నాకే చెప్పారు గానీ, అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "మెషిన్ పెట్టుకోవడానికి కాస్త వెలుతురు వదినా" అన్నాను. ఆ ఇంట్లో మంచి వెలుతురు వచ్చే గది ఒక్కటే. అది వదిన సామాను గది. మర్నాటికల్లా బంతులు, చెక్క బల్లలు, చిన్న చిన్న వాకర్లు అన్నీ వరండాలోకి వెళ్ళిపోయాయి. నా మెషిన్ కిటికీ కింద కూర్చుంది.

మొదట్లో చుట్టుపక్కల వాళ్ళవి జాకెట్లు, ఫాల్సులు, పిల్లల గౌన్లు కుట్టేదాన్ని. తరవాత వదిన తన పనులు తెచ్చి నా నెత్తిన వేయడం మొదలుపెట్టింది. మెడ కింద పెట్టే చిన్న దిండుకు గలీబు. కుర్చీలోంచి పిల్ల జారిపోకుండా నడుముకు బెల్టు. కాలు కదలకుండా పక్కన ఆనించే ఇసుక సంచి. అన్నిటికీ ఒక చీటీ. చీటీ మీద పేరు ఉండదు. పిల్లల సంగతులు టీము దాటి బయటికి రాకూడదట. నంబరు, కింద కొలతలు, అంతే. అవి కూడా సెంటీమీటర్లలో. నాకు అంగుళాలు తప్ప ఇంకోటి రాదు మొర్రో అంటే, టేపు తిప్పి రెండో వైపు చూపించింది. పదిహేనేళ్ళుగా మెడలో వేసుకు తిరుగుతున్న టేపుకి రెండో వైపు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక్క పిల్ల సంగతి మాత్రం చీటీ దాటి మా ఇంట్లోకి వచ్చింది. దానికి కారణం ఆ పిల్ల నోరు.

ఏడేళ్ళది. పేరు నాకు చెప్పలేదు గానీ, వాళ్ళ నాన్న పిలిచే పేరు చెప్పింది వదిన. మేనేజరు గారు. వాళ్ళది జిరాక్స్ షాపు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై, పిల్లకు కాళ్ళు బిగుసుకుపోయాయి. మాట కాస్త నెమ్మదిగా వస్తుంది గానీ, వచ్చిన మాట సూటిగా తగులుతుంది. బడి అయ్యాక సాయంత్రమంతా షాపులోనే, కౌంటర్ వెనక పరిచిన చాప మీద ఉంటుంది. అక్కడి నుంచి ఆ పిల్లకి కనిపించేది వచ్చేపోయే వాళ్ళ తలలు కాదు, వాళ్ళ నాన్న మోకాళ్ళు. కానీ మెషిన్ చప్పుడు బట్టే అన్నీ చెప్పేస్తుందట. "నాన్నా, కాగితం ఇరుక్కుంటోంది చూడు" అంటుంది, రెండు క్షణాలకు మెషిన్ ఆగిపోతుంది. అందుకే మేనేజరు.

కొత్త ఇంటికి వెళ్ళిన మొదటి రోజు వదిన ఫైలు తియ్యదు. నేల మీద పిల్ల పక్కన కూర్చుని నన్ను అడిగిన మాటే అడుగుతుంది. తల్లిదండ్రులను తరవాత, ముందు పిల్లను. మాట రాని పిల్లలైతే వాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తుంది. మేనేజరు గారిని అడిగితే ఆవిడ ఆలోచించుకోవడానికి రెండు రోజులు టైం తీసుకుందట. రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పింది.

"నేనే నించుని ఆకుపచ్చ బటన్ నొక్కాలి."

జిరాక్స్ మెషిన్ మీద ఉండే బటన్ అది. రోజంతా దాని చప్పుడు వింటోంది, గోడ మీద దాని వెలుగు పాకడం చూస్తోంది. పైన అద్దం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. వాళ్ళ నాన్న ఎత్తుకుని నొక్కిస్తానన్నాడట. "ఎత్తుకుంటే నువ్వు నొక్కినట్టు" అందట.

ఆ రోజు వదిన ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఇదంతా చెప్పింది. మొహం వెలిగిపోతోంది. కానీ చెబుతూ చెబుతూ నెమ్మదించింది. పిల్ల ఎముకలు పెరిగినంత వేగంగా కండరాలు సాగడం లేదు. పోయినేడాది కంటే మోకాళ్ళు ఎక్కువ వంగి ఉంటున్నాయి. ఎదిగే వయసు. రోజూ కాళ్ళు చాచి నిలబెట్టకపోతే ఒకటి రెండేళ్ళలో అలాగే బిగుసుకుపోతాయి. అప్పుడు బటన్ మాట అలా ఉంచి, మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా ఒకరు ఎత్తాల్సిందే. "ఆ పిల్ల అడిగింది బటనే కానీ, నాకు కావాల్సిందీ అదే. నించోవడం" అంది వదిన.

అందుకు కాలి తొడుగులు కావాలి. తొడ మధ్య నుంచి చీలమండ పైదాకా కాలి చుట్టూ చుట్టి, వెల్క్రోతో బిగించేవి. లోపల సన్నని జేబులు, జేబుల్లో ప్లాస్టిక్ బద్దలు. అవి తొడిగితే మోకాలు వంగదు. అప్పుడు పిల్లను నడుముకు పట్టీ ఉన్న చెక్క బల్లకు ఆనించి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నిలబెట్టాలి. కొలతలు చీటీ మీద రాసి ఇచ్చింది. ఎడమ కాలు ముప్ఫై ఒకటి. కుడి కాలు ముప్ఫై.

నేను అంతకుముందు నాలుగైదు జతలు కుట్టాను. అన్నీ చీటీ ప్రకారమే కుట్టాను. నంబర్లకి కుట్టడంలో చెయ్యి తడబడదు. కానీ ఇది నంబరు కాదు, మేనేజరు. నా దగ్గరున్న మంచి గుడ్డ తీశాను, లోపల మెత్తగా ఉండాలని రెట్టింపు స్పాంజ్ వేశాను. వేసి, సుద్దముక్కతో గీత గీసేటప్పుడు నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఎదిగే పిల్ల బట్టలు కుట్టేవాళ్ళెవరైనా చేసే పనే. గౌను కింద రెండంగుళాలు మడత పెడతాం, పక్క కుట్టులో ఓ అంగుళం వదులుతాం. వచ్చే ఏడు కూడా తొడుక్కుంటుంది కదా అని. నాకు నేర్పిన మేనత్త మొదటి పాఠమే అది. నేను రెండంగుళాలు పొడుగు పెట్టాను. చుట్టూ కూడా కాస్త వదులు పెట్టాను. బద్దలు కూడా దానికి తగ్గట్టే కోశాను. కుట్టి, ఇస్త్రీ చేసి, దారాలు కత్తిరించి వదిన చేతిలో పెట్టి, "నీ మేనేజరుకి రెండేళ్ళు ఢోకా లేదు పో" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నవ్వింది.

పదకొండో రోజు సాయంత్రం వదిన మామూలు కంటే ముందే వచ్చింది. తొడుగుల జత నా మెషిన్ మీద పెట్టింది.

"నేను రాసిందెంత?"

"ముప్ఫై ఒకటి."

నా మెడలోంచి టేపు తీసి దాని మీద పరిచింది. ముప్ఫై ఆరు.

"పెరిగే పిల్ల కదా వదినా…" అంటూనే నాకు అర్థమైపోయింది.

తొడుగు కింది అంచు చీలమండ దాటి దిగింది. వదులుగా ఉండటంతో కాలు లోపలే తిరిగింది. నిలబడ్డ ప్రతిసారీ బద్ద కొస మడమ పైన ఒకే చోట ఒరుసుకుంది. చొక్కా బొత్తామంత మేర చర్మం లేచిపోయింది. పిల్ల మొదటి రోజు నుంచీ నొప్పి, నొప్పి అంటూనే ఉందట. అరగంట అయ్యేదాకా తల్లి విప్పలేదు. పదో రోజు మేజోడుకి నెత్తురు అంటుకుంటే అప్పుడు విప్పి చూసి, కూలబడిపోయిందట.

"అంత నొప్పంటుంటే తల్లెందుకు విప్పలేదు?" అని నేను ఎగిరాను. నాకు ముక్కు మీద కోపం. తప్పు నాదైనప్పుడు ఇంకా తొందరగా వస్తుంది.

"నేను విప్పొద్దన్నాను కాబట్టి" అంది వదిన. "మొదటి వారం పేచీ పెడుతుందమ్మా, కండరాలు సాగుతున్నప్పుడు ఆ మాత్రం ఉంటుంది, కరిగిపోయి విప్పేయకు అని చెప్పింది నేనే. ఆవిడ నా మాట నమ్మింది. తొడిగిన రోజు నేను చూశాను కూడా. కాస్త కిందికి ఉన్నట్టే అనిపించింది. ఇంకో ఇంట్లో నాకోసం ఎదురుచూస్తున్నారని, వెల్క్రో గట్టిగా లాగేసి వచ్చేశాను. నువ్వు పెట్టింది రెండంగుళాల గుడ్డ. మిగతాదంతా నాదే."

తిట్టి ఉంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలు అని, ఏడ్చి, ఇద్దరం టీ తాగేవాళ్ళం. ఆవిడ తిట్టలేదు. కూర్చుని జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసుకుంది. సోమవారం టీము మీటింగులో నలుగురు జూనియర్ల ముందూ నిలబడి అది చదివిందట. అందులో నా పేరు గానీ, నా కుట్టు మాట గానీ లేదు. "తొడుగు పొడుగైంది, నేను సరిచూడలేదు, పిల్ల చెప్పిన మాట వినొద్దని తల్లికి నేనే చెప్పాను" అని ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్న మనిషి, కొత్తగా చేరిన పిల్లల ముందు అలా చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనైతే చచ్చినా చదివేదాన్ని కాదు.

పుండు రెండు వారాల్లో మానింది. అసలు తంటా ఆ తరవాతే వచ్చింది. మేనేజరు గారు ఇక దేన్నీ కాలికి తాకనివ్వలేదు. వెల్క్రో చర్రుమన్న చప్పుడు వింటే చాలు కాళ్ళు కొయ్యబారిపోయేవట. బల్ల వద్దు, పట్టీ వద్దు, బంతి కూడా వద్దు. బటన్ ఊసెత్తితే "నాకేం వద్దు" అందట. వదిన రెండుసార్లు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చింది. రోజులు గడుస్తున్నాయి. మోకాళ్ళు ఆగవు కదా, అవి వాటి దారిన అవి వంగుతున్నాయి. ఆ పిల్ల జీవితాంతం వాళ్ళ నాన్న మోకాళ్ళే చూస్తూ ఉండిపోతే, దానికి కారణం నేను ముచ్చటపడి వదిలిన రెండంగుళాలు.

మూడోసారి వెళ్ళినప్పుడు వదిన ఏ సామానూ తీసుకెళ్ళలేదు. చాప మీద కూర్చుని, తల్లికీ తండ్రికీ చెప్పకముందే ఆ పిల్లకే చెప్పిందట. "తప్పు నాది. నువ్వు నొప్పి అన్నావు, నేను నిజమనుకోలేదు. సారీ." గోడకేసి తిరిగి ఉన్న పిల్ల ఇటు తిరిగి అడిగిందట.

"కుట్టింది కూడా నువ్వేనా?"

"కాదు."

"మరి ఆవిణ్ణి రమ్మను."

వదిన ఆఫీసులో అడిగి, ఆ తల్లిదండ్రులను అడిగి, అప్పుడు నన్ను అడిగింది. "వస్తావా?" అంది. రానంటే ఏమీ అనుకోదని తెలుసు. అందుకే రానని అనలేకపోయాను.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంది. ముందు గాజు కౌంటరు, అందులో పెన్నులు, ఫైళ్ళు, జిగురు సీసాలు. లోపల రెండు మెషిన్లు, లామినేషన్ చేసిన వేడి ప్లాస్టిక్ వాసన. తల్లి ఒక మూల స్పైరల్ బైండింగ్ చేస్తోంది. చాప మీద, దిండుకు ఆనుకుని, రెండు జడల పిల్ల. ఇంటర్వ్యూకి వచ్చినదాన్ని చూసినట్టు నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా కుట్టింది?"

"మీరు అనాలి" అంది తల్లి.

"మీరేనా కుట్టింది?"

"నేనే అమ్మా. పెద్దగా కుట్టేశాను. నువ్వు పెరుగుతావు కదా, ఎక్కువ రోజులు వస్తాయని…"

"నేను పెరిగానా?"

"ఇంకా లేదు."

"మరి?"

ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను, నన్నెవరూ అంత సూటిగా అడగలేదు.

"నువ్వు వేసుకో" అంది పిల్ల. తల్లి ఈసారి దిద్దలేదు.

కొలత సరిచూద్దామని పాత జత వెంట తెచ్చాం గానీ, ఆ తొడుగు నా కాలికి ఎక్కడ పడుతుంది? వదిన నవ్వు ఆపుకుంటూ బద్దలు తీసి, నా కాలికి అవి పొట్టివని రెండేసి కొసకు కొస కలిపి కట్టి, నా మోకాలికి ముందొకటి, వెనకొకటి పెట్టి, పైనుంచి బ్యాండేజీ చుట్టింది. కింది కొసలు చీలమండ దాటేలా, పిల్లకి ఎలా ఉందో అలాగే పెట్టమంది మేనేజరు. రెండో కాలికి కూడా. నేను కొయ్యబొమ్మలా కౌంటర్ పట్టుకుని నించున్నాను.

"ఎంతసేపు?"

"నాన్న ఈ జిరాక్స్ అయ్యేదాకా."

అప్పుడే ఒకాయన వచ్చి లావుపాటి పుస్తకం కౌంటర్ మీద పెట్టాడు. మొత్తం కావాలట. నా ఖర్మ. తండ్రి నాకేసి జాలిగా చూశాడు, కూతురికేసి చూశాడు, పుస్తకం తెరిచి మొదటి పేజీ పెట్టాడు. ఆ పుస్తకం ఆయన "అమ్మగారికి కాళ్ళనొప్పులా?" అని వదినను అడిగాడు. "లేదండీ, శిక్ష" అంది వదిన. ఒళ్ళు మండింది కానీ నవ్వొచ్చింది.

ముప్ఫై పేజీల దాకా సరదాగానే ఉంది. తరవాత నడుము లాగడం మొదలైంది. యాభై దాటాక మడమ పైన బద్ద కొస తెలిసింది. బరువు కుడికాలి మీద వేస్తే ఎడమది తగ్గుతుంది, కుడిది మొదలవుతుంది. విప్పేయమని చెబితే వదిన క్షణంలో విప్పేస్తుంది. ఆ పిల్లకి ఆ వీలు లేకపోయింది. పది రోజులు, రోజుకి రెండుసార్లు, నొప్పి అని చెబుతూ కూడా ఇలాగే నించుంది. అది తలుచుకోగానే నా కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. నాకు సిగ్గనిపించలేదు.

"నొప్పిగా ఉందా?" అంది పిల్ల.

"ఉంది."

"ఎక్కడ?"

"ఇక్కడ. మడమ పైన."

"నాకూ అక్కడే" అంది. "విప్పేయండి ఆంటీ" అంది వదినతో.

వదిన బ్యాండేజీ విప్పుతుంటే నేను చాప మీద కూలబడ్డాను. ఎర్రగా అచ్చు పడిన చోటు ఆ పిల్ల వేలితో ముట్టుకుని చూసింది. తరవాత తన కాళ్ళు ముందుకు తోసింది. "ఊఁ. ఇప్పుడు కొలుచుకో. కానీ నేను నొప్పి అంటే తీసేయాలి."

"తీసేస్తాం" అంది వదిన.

"రాయి."

వదిన తన ఫైలులో ఆ పిల్ల కాగితం తీసి, అన్నిటికంటే పైన రాసింది. పాప నొప్పి అంటే వెంటనే విప్పాలి, కారణం తరవాత వెతకాలి. తండ్రి దాన్ని ఓ కాపీ తీసి, లామినేషన్ చేసి, చాప ఎదురుగా గోడకు అంటించాడు. ఇప్పుడు ఆ మాట వదిన టీములో ప్రతి పిల్ల కాగితం మీదా మొదటి వరుసలో ఉంటుంది. జూనియర్లు దాన్ని మేనేజరు రూలు అంటారట.

అప్పటి నుంచి తొడుగులు కుట్టాల్సి వస్తే కొలతకు నేనూ వెళుతున్నాను. ఆ రోజు కొలిచిన మర్నాటికే మేనేజరుకి కొత్త జత కుట్టాను. ముప్ఫై ఒకటంటే ముప్ఫై ఒకటి. మొదటి రోజు అయిదు నిమిషాలు నించుంది, నొప్పి అంది, విప్పారు. నొప్పి లేదట, ఊరికే చూసిందట. "మంచిదే, చూడాలి కదా" అంది వదిన. రెండో రోజు కూడా అంతే. అలా వారం రోజులు మమ్మల్ని పరీక్షించింది. ఆ తరవాత పది నిమిషాలైంది, ఇరవై అయింది. నెలకి అరగంట వచ్చింది. వదిన మాత్రం ప్రతి వారం కోణం కొలిచే ప్లాస్టిక్ బద్ద మోకాలికి ఆనించి చూసి, ఏమీ మాట్లాడకుండా రాసుకునేది. నాలుగో నెలలో ఓ రోజు రాసుకున్నాక నాకేసి తిరిగి కళ్ళతోనే చెప్పింది. మోకాలు చాచుకుంటోంది.

మొన్న బుధవారం సాయంత్రం మళ్ళీ కొలతలకు వెళ్ళాం. నేను టేపు పరిచాను. రెండుసార్లు చూశాను. ఎడమ కాలు ముప్ఫై రెండున్నర. కుడి కాలు ముప్ఫై ఒకటిన్నర. వదిన చీటీ మీద రాసింది.

"పెరిగానా?" అంది మేనేజరు.

"పెరిగావు" అన్నాను.

"అయితే ఇవాళ నొక్కుతాను."

షాపులో అందరూ ఆగారు. తల్లి బైండింగ్ పక్కన పెట్టింది. తండ్రి పెద్ద మెషిన్ ముందు పీటలాంటి చెక్క వేశాడు. దాని ఎత్తు వదిన ఎప్పుడో కొలిచి చెప్పి ఉంచింది. తొడుగులు బిగించి, పిల్లను లేపి, మెషిన్‌కి ఎదురుగా నిలబెట్టారు. వెనక బల్ల లేదు, నడుముకు పట్టీ లేదు. రెండు చేతులూ మెషిన్ అంచు మీద ఉన్నాయి. వదిన వెనక మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల తుంటికి అటూ ఇటూ తన చేతులు పెట్టింది. తాకలేదు. రెండు వైపులా వేలి మందం ఖాళీ. ఆ ఖాళీ అలాగే ఉంచడానికి ఆవిడ చేతులు ఎంత కష్టపడుతున్నాయో నరాలు చూస్తే తెలుస్తోంది. అన్నాళ్ళూ వదిన పని అంటే పిల్లల్ని పట్టుకోవడం అనుకున్నాను. పట్టుకోకుండా అక్కడే ఉండటం అని ఆ రోజు చూశాను.

పిల్ల ముందు అద్దంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. వాళ్ళ నాన్న పకపకా నవ్వి, నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

తరవాత కుడి చెయ్యి అంచు మీంచి తీసింది. శరీరం ఓ పక్కకి ఊగింది. వదిన చేతులు కదల్లేదు. ఊగి, నిలదొక్కుకుని, మెడ తిప్పి వదినకేసి చూసింది. అచ్చం వాళ్ళ నాన్న కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళని అడిగినట్టే, కానీ ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిసేలా నెమ్మదిగా అడిగింది.

"ఆంటీ, మీకేం కావాలి?"

మా వదిన మొహం చూడాలి అప్పుడు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో అందరినీ అడుగుతున్న మనిషి. పిల్లల్ని, తల్లుల్ని, సూట్‌కేసులతో వచ్చిన ఆడపడుచుని. ఆవిణ్ణి తిరిగి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అన్నయ్య అడగలేదు, నేను అడగలేదు. ఏడేళ్ళు ఆవిడ వెలుతురులో కూర్చుని కుట్టుకున్నాను, నీకేం కావాలి వదినా అని ఒక్కసారి నోరు తెరవలేదు. వదిన ఒక చెయ్యి తీసి, జేబులోంచి ఆ కొలతల చీటీ పైకి అందించింది.

"ఇది. ఒక కాపీ కావాలి."

తండ్రి చీటీని అద్దం మీద బోర్లించి మూత వేశాడు. పిల్ల వేలు చాపి ఆకుపచ్చ బటన్ నొక్కింది. వెలుగు ఓ చివర నుంచి ఇంకో చివరకు పాకింది. ఈసారి అది గోడ మీద కాదు, ఆ పిల్ల మొహం మీద పాకింది. కాగితం బయటికి వచ్చింది. "టేపు ఆంటీకి కూడా" అని మళ్ళీ నొక్కింది.

వస్తూ వస్తూ కారులో అడిగాను. "నీకేం కావాలి వదినా? నిజంగా అడుగుతున్నా."

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నీ గదిలో ఓ కుర్చీ" అంది. "సాయంత్రం పూట ఆ కిటికీ దగ్గర కూర్చుని టీ తాగేదాన్ని. నువ్వు రాకముందు."

ఏడేళ్ళు ఆ మాట చెప్పలేదు మహాతల్లి. మర్నాడే గుడ్డల మూటలు అటకెక్కించి కిటికీ పక్కన కుర్చీ వేశాను. ఇప్పుడు ఆవిడ అక్కడ కూర్చుని టీ తాగుతోంది, నేను మెషిన్ తొక్కుతున్నాను. ఎదురుగా గోడ మీద కాపీ అంటించి ఉంది. ఎడమ ముప్ఫై రెండున్నర, కుడి ముప్ఫై ఒకటిన్నర. గుడ్డ పరిచి, టేపు పెట్టి, సరిగ్గా అక్కడికే గీత గీశాను. ఒక్క దారం కూడా వదల్లేదు. పెరగనీ. మళ్ళీ కుడతాను.